గడువు దాచిపెట్టి చేసిన ప్రయాణం

మా నగరిలో ఈ ప్రయాణం గురించి ఇప్పటికే ఒక కథ తిరుగుతోంది. ఇంటర్ అయిపోయిన కూతురిని మూడు రోజులు వెంట తిప్పి, ఇంజనీరింగ్ ఎట్లా ఉంటుందో, బీకాం ఎట్లా ఉంటుందో కళ్ళారా చూపించి, నీకు నచ్చింది చదువుకోమన్న తండ్రి కథ అది. మా వీధిలో ఇద్దరు ముగ్గురు తమ పిల్లలను కూడా అట్లాగే తిప్పాలనుకుంటున్నారు. ఎక్కడ దిగాలి, ఎక్కడ తినాలి అని నన్ను అడుగుతున్నారు. తినే చోట్లు సంతోషంగా చెబుతాను. కానీ వాళ్ళు మెచ్చుకునే ఆ తండ్రి నేను కాను. నేను తీసుకుపోయింది చూపించడానికి కాదు, చూపించినట్టు చేయడానికి. మిగతా సంగతులతోపాటు అది కూడా రాస్తేనే ఈ ప్రయాణం పూర్తిగా చెప్పినట్టు.

నగరి

మాకు నాలుగు మరమగ్గాలు ఉన్నాయి. మా హేమ ఎంపీసీ చదివింది, ఇంజనీరింగ్ పరీక్షలో మంచి ర్యాంకే తెచ్చుకుంది. ర్యాంకు వచ్చిన మర్నాడు అన్నం తింటూ, "నాయనా, నేను బీకాంలో చేరతాను. దాంతోపాటే ఆడిటర్ పరీక్షలు రాస్తాను" అంది.

మా కాలంలో బీకాం అంటే ఎక్కడా సీటు దొరకనివాళ్ళు చేరేది. నేనూ అట్లా చేరి రెండో ఏట మానేసినవాణ్ణే.

"ఎంపీసీ చదివి బీకామా? ఇడ్లీకని పిండి రుబ్బి గంజి కాచుకున్నట్టుండాది" అన్నాను.

"తాగేది నేనే గదా నాయనా" అంది తను.

వాదించి గెలవలేనని తెలిసింది. అప్పటికి డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ దరఖాస్తుకు నాలుగు రోజుల గడువే ఉంది. నేను తనతో, "పది రోజులు పొడిగించినారంట పాపా, పేపర్లో వేసినారు" అని చెప్పాను. మన దగ్గర గడువులు పొడిగించడం మామూలే కాబట్టి నమ్మింది. తర్వాత రెండో విడత ఉంటుంది గానీ, ఆడపిల్లల హాస్టలున్న మంచి కాలేజీల్లో బీకాం సీట్లు మొదటి విడతలోనే అయిపోతాయి. ఆ సంగతి కనుక్కునే నేను తేదీలు వేసుకున్నాను. మూడో రోజు సాయంత్రం అయిదు దాటేదాకా తనను ఊళ్ళు తిప్పితే చాలు, బీకాం దానంతటదే జారిపోతుంది.

దారి కూడా అట్లాగే వేశాను. ఇంజనీరింగ్ కాలేజీకి చల్లటి పొద్దున, ఏసీ బస్సులో. డిగ్రీ కాలేజీకి మిట్టమధ్యాహ్నం, నడిచి. కడపట చిత్తూరులో నా బామ్మర్ది మురళి ఆఫీసుకు. వాడు చిన్న చిన్న వ్యాపారులకు జీఎస్టీ రిటర్నులు వేసిపెడతాడు. వాడికి ముందే ఫోన్ చేసి, "పాప వస్తాది. నీ పని ఎంత కష్టమో చెప్పు. దిగులుగా ఉండు" అన్నాను.

"దిగులుగా ఎట్ల ఉండేది బావా?"

"మీ అక్కను పెండ్లి చేసుకున్నప్పుడు నా మొగం ఎట్ల ఉండిందో అట్ల."

తిరుపతి

చెన్నై నుంచి వచ్చే ఏసీ బస్సులో పొద్దున్నే తిరుపతిలో దిగాము. మా నగరి హోటళ్ళలో ఇడ్లీ అడిగితే పక్కన వడకర్రీ అడక్కుండానే వస్తుంది. నానబెట్టిన పప్పు రుబ్బి, వేయించి, చిదిపి చేసే కూర అది. మాకు అరవనాడు పక్కనే కాబట్టి అలవాటైంది. తిరుపతి బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో అడిగితే సర్వరు ఒక క్షణం ఆలోచించి, వడ ఒక ప్లేటులో, బంగాళదుంప కూర ఒక ప్లేటులో తెచ్చిపెట్టాడు. రెండింటికీ కలిపి తొంభై రూపాయలు వేశాడు. హేమ నవ్వుతూ వడను కూరలోకి చిదిపి, "ఇదే వడకర్రీ అనుకో నాయనా" అని నా ముందుకు తోసింది.

తిరుపతిలో నాకు నచ్చేది ఒకటుంది. మా ఊళ్ళో మగవాడు గుండుతో కనిపిస్తే ఇంట్లో ఎవరు పోయారని అడుగుతారు. ఇక్కడ బస్సులో సగం మందికి గుండ్లే, అందరూ ఉల్లాసంగా ఉంటారు.

కాలేజీ ఊరి బయట, కొండ వైపు ఉంది. గేటు దగ్గర నుంచి పూలమొక్కలు, చల్లటి హాళ్ళు. నా స్నేహితుడి కొడుకు కార్తీక్ అక్కడ ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. అతనికీ ముందే చెప్పిపెట్టాను. ప్లేస్‌మెంట్లు, ల్యాబులు, క్యాంటీను అంటూ కండక్టరు స్టాపులు చదివినట్టు చదివాడు. అంతా విని హేమ, "అన్నా, ఈడ నీకు ఏది ఇష్టం?" అని అడిగింది.

ఆ ప్రశ్న నేను చెప్పిపెట్టిన వాటిలో లేదు. అతను నా వైపు చూసి, "రా చూపిస్తా" అని వెనకవైపు షెడ్డుకు తీసుకుపోయాడు. అక్కడ చెనిక్కాయ చేలో కలుపు తీసే చిన్న బండి ఉంది. నలుగురు కలిసి చేశారట. "మూడు నెలలు ఈ చక్రం తిరగలేదు. తిరిగిన రోజు అన్నం తినేదే మర్చిపోయినా" అంటూ నేల మీద కూర్చుని, చేతులకు గ్రీజు పూసుకుని గంటసేపు చెప్పాడు. నేను మగ్గాలు చూసేవాణ్ణి కాబట్టి నాకు సగం అర్థమై, ఆ బండి వదిలి రాబుద్ధి కాలేదు.

బయటికి వస్తూ, "ఎట్లుండాది?" అన్నాను.

"బాగుండాది నాయనా. ఆ అన్నకి ఆ బండంటే ప్రాణం. నీకు గూడా. మీరిద్దరూ మాట్లాడతాంటే నేను గంటలో నాలుగుసార్లు టైం చూసుకున్నాను."

తను చెప్పింది నేను వినిపించుకోలేదు. ఇంకా రెండు రోజులున్నాయిలే అనుకున్నాను.

రేణిగుంట

రెండో రోజు పొద్దున రేణిగుంటలో ఒక పెద్ద ఫ్యాక్టరీ దగ్గరికి పోయాము. చదివిన తర్వాత ఇంజనీర్లు ఎంత దర్జాగా ఉంటారో చూపించాలని నా ఆలోచన. తెలిసినవాళ్ళు లేనిదే ఫ్యాక్టరీలోకి రానివ్వమని గేటు దగ్గరే ఆపేశారు. ఎదురుగా టీ అంగడిలో కూర్చున్నాము. షిఫ్టు మారే సమయం. మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు గుంపులు గుంపులుగా బయటికి వస్తున్నారు. టీ పన్నెండు రూపాయలు, అల్లం దండిగా వేశారు.

మా బెంచీ మీదికే ఒక అమ్మాయి వచ్చి కూర్చుంది. సత్యవేడు పక్క పల్లె అట, పేరు సునీత, బీటెక్ చదివి రెండేళ్ళుగా అక్కడ ఇంజనీరు. నేను అడగకుండానే నా పని చేసిపెట్టింది. "లైన్లో సరుకు యాడ ఆగిపోయిందో, ఎందుకు ఆగిందో పట్టుకునేది నా పనండీ. దొరికినప్పుడు భలే ఉంటుంది" అంది.

హేమ వైపు చూశాను. విన్నావా అన్నట్టు.

సునీత తనను, "నువ్వేం చేద్దామనుకుంటాండావు?" అని అడిగింది.

"ఒక అంగడో, ఫ్యాక్టరీనో ఉంటుంది గదక్కా. దాని కాయితాలు చూసి యాడ తప్పు జరిగిందో పట్టుకునే పని."

"అయితే మనిద్దరిదీ ఒకటే పని. నేను మిషన్లో వెతుకుతాను, నువ్వు కాయితాల్లో" అని సునీత నవ్వి, వద్దన్నా వినకుండా మా టీలకు కూడా డబ్బులిచ్చి వెళ్ళిపోయింది. నేను పిలిచి తెచ్చుకున్న సాక్షి ఎదుటివాళ్ళ వైపు చెప్పిపోయినట్టు అయింది నాకు.

మధ్యాహ్నపు గేటు

పన్నెండున్నరకు తిరుపతిలో డిగ్రీ కాలేజీకని బస్సు దిగాము. దిగింది కూడా ఒక స్టాపు ముందే. ఆటో వద్దన్నాను, దగ్గరే అన్నాను. తారు రోడ్డు మీద పొగలు లేస్తున్నాయి. హేమ సర్టిఫికెట్ల ఫైలు నెత్తిమీద పెట్టుకుని చకచకా నడిచింది. ఈ ఎండకు విసుగుపుట్టి వెనక్కి పోదామంటుందని నేను చూస్తుంటే, గేటు దగ్గరికి వచ్చేసరికి నా కళ్ళే తిరిగాయి. కటకటాలు పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను.

కాపలా ఆమె పేరు గంగమ్మ. "ఏమప్పా, ఈ ఎండలో ఆడబిడ్డను ఎవురన్నా నడిపించుకొని వస్తారా?" అని తిడుతూ వచ్చి, పడిపోయేది ఆడబిడ్డ కాదని చూసి, నన్ను లోపలికి నడిపించి ఫ్యాను కింద బల్ల మీద పడుకోబెట్టింది. తన క్యారియరులోని మజ్జిగే ఉప్పు, కరివేపాకు వేసి ఇచ్చింది. ఆ మజ్జిగకు వెల కట్టలేను. తాగి కళ్ళు మూసుకున్నవాణ్ణి మూడింటిదాకా లేవలేదు.

లేచేసరికి గంగమ్మ ఒక్కతే ఉంది. "మీ పాప లైబ్రరీ, హాస్టలు, వంటగది అన్నీ సూసేసింది. నువ్వు గుర్రు పెట్టింది గూడా మేడమ్ములందరూ విన్యారు" అంది. తర్వాత మామూలుగానే, "దరఖాస్తుకి రేపే కడా రోజంట గదా. పొద్దున్నుంచి పిల్లోళ్ళు వస్తానే ఉండారు. మీరు వేసేసినారా?" అని అడిగింది.

హేమ అప్పుడే వరండా చివర కనిపించింది. అక్కడి పిల్లలెవరితోనో మాట్లాడుతూ వస్తోంది. "ఆ, వేసేసినాం" అన్నాను గబగబా. ఎవరి మజ్జిగ తాగి లేచానో ఆమెతోనే అబద్ధం చెప్పాను. ఆమె "మంచి పని చేసినావు" అంది.

ఆ సాయంత్రమంతా హేమ హాస్టలు కబుర్లే చెప్పింది. గురువారం సంగటి వేస్తారట. పైగదుల నుంచి కొండ కనిపిస్తుందట. నేను తలనొప్పి అన్నాను. నిజంగానే నొప్పిగా ఉంది.

చిత్తూరు

మూడో రోజు చిత్తూరు బస్సు ఎక్కాము. మామిడి కాలం కదా, ఊరు దగ్గరపడేకొద్దీ గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు వరసగా ఆగి ఉన్నాయి. బస్సు కిటికీ తెరిస్తే తీపి వాసన, మూస్తే ఉక్క. అందరూ తెరిచే ఉంచారు.

మధ్యాహ్నం మురళి మమ్మల్ని ఒక మెస్సుకు తీసుకుపోయాడు. రాగిసంగటి, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి, వంకాయ పులుసు. మనిషికి ఎనభై రూపాయలు, సంగటి ఎంతైనా పెడతారు. మా నగరిలో సగం మంది దీన్నే కళి అని అరవంలో పిలుస్తారు గానీ, ఇంత మెత్తగా కెలకడం మాకు చేతకాదు. నగరి నుంచి పోయేవాళ్ళు ఇది వదలొద్దు.

ఆఫీసు బజారు వీధిలో మేడ మీద ఉంది. మెట్లెక్కగానే మురళి తన పాత్రలోకి దిగాడు. కుర్చీలో జారగిలబడి, "ఏం పనో ఏమో పాపా. కండ్లు పోతాండాయి. నడుము పాయె" అన్నాడు.

"నడుము క్రికెట్ ఆడి గదా మామా పోయింది?"

"అది... అప్పుడు మొదలైంది. కూర్చొని కూర్చొని ముదిరింది."

ఇంతలో రెడ్డెప్ప అనే పెద్దమనిషి ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. ఊరి బయట చిన్న గుజ్జు ఫ్యాక్టరీ ఉందట. చేతిలో జీఎస్టీ నోటీసు. "కాయ ఇంత కొన్న్యావు, గుజ్జు ఇంతే అమ్మినావు, మిగతాది యాడ దాచినావని అడగతాండారు మురళీ. యాడ దాస్తాను? మామిడికాయలో టెంక ఉంటుందని వాండ్లకి తెలియదా?"

"తెలుసన్నా. టెంక ఎంత పోయిందో చూపించాల. నోటిమాట ఒప్పరు" అని మురళి లేచి కూర్చున్నాడు. నడుము సంగతి మర్చిపోయాడు. ఫైళ్ళన్నీ బల్ల మీద పరిచాడు. ఇద్దరూ అరగంట వెతికారు. కాయ కొన్న కాగితాలున్నాయి, గుజ్జు అమ్మిన కాగితాలున్నాయి, మధ్యలో ఏమీ లేదు.

హేమ అడిగింది: "పెద్దనాయనా, టెంకలూ తొక్కలూ యాడికి పోతాయి?"

"ఎరువు చేసేవాళ్ళకి ట్రాక్టర్లో తోలిస్తామమ్మా."

"ట్రాక్టర్ని తూకం వేస్తారా?"

"వేయకుండా ఎట్ల? బరువును బట్టే గదా బాడిగ." చెబుతూనే ఆయన ఆగిపోయాడు. "ఆ చీటీలు నా బండిలో కుప్పగా పడుండాయి. పారేద్దామనుకుంటిని."

ఇక్కడ మా మగ్గాల పద్ధతి ఒకటి చెప్పాలి. మాకు నూలు తూకం వేసి ఇస్తారు, నేసిన గుడ్డ తూకం వేసి తీసుకుంటారు. తేడా వస్తే నూలు కాజేశామంటారు. అందుకని మగ్గం కింద రాలిన తెగిన పోగులన్నీ ఊడ్చి ఒక సంచిలో వేసి, ఆ సంచిని కూడా తూకం వేసి గుడ్డతోపాటు అప్పజెబుతాము. మా ఇంట్లో చిన్నప్పటినుంచి ఆ సంచి హేమదే. పనికిరాని దానికీ తూకం ఉండాలని తనకు ఎవరూ నేర్పక్కర్లేదు. నేను మాత్రం దాన్ని ఊడ్చే పని అనుకున్నాను.

రెడ్డెప్ప బండిలోంచి మామిడి రసం మరకలున్న చీటీలు అట్టపెట్టెలో వేసుకొచ్చాడు. హేమ నేల మీద కూర్చుని తేదీల వారీగా పేర్చడం మొదలుపెట్టింది. పెదవి కొరుకుతూ, జడ వెనక్కి విసురుకుంటూ. మొన్న కార్తీక్ చేతులకు గ్రీజు పూసుకుని కూర్చున్నది ఇట్లాగే. తను ఒక్కసారి కూడా టైం చూసుకోలేదు. నేను చూశాను. మూడున్నర.

"బావా, సూడు నీ కూతుర్ని" అని మురళి ఉత్సాహంగా మొదలుపెట్టి, నేనిచ్చిన పాత్ర గుర్తొచ్చి, "కండ్లు పోతాయి బావా, కండ్లు" అని దగ్గాడు.

నా పథకం గెలుస్తోంది. ఇంకో గంటన్నర నోరు మూసుకుంటే చాలు. అప్పుడు హేమ తలెత్తి, ముఖమంతా వెలుగుతో, "నాయనా, ఊరికి పోతానే దరఖాస్తు వేసేస్తాను. ఇంకా పది రోజులుండాది గదా" అంది.

దానికి ఊ అనడం నా వల్ల కాలేదు.

"లేదు పాపా. ఈ రోజు అయిదింటికే కడా."

"పొడిగించినారంటివే?"

"పొడిగించలేదు. నాకు ముందే తెలుసు. అందుకే ఈ మూడు రోజులు పెట్టుకున్నాను."

మురళి నేల చూశాడు. పాపం, రెడ్డెప్పకు ఏమీ అర్థం కాలేదు. హేమ కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. తను చేతిలోని చీటీని దాని తేదీ దగ్గర పెట్టి, "మామా, టైమెంత?" అని మురళిని అడిగింది. నన్ను అడగలేదు.

మామిడి బండి

మురళి కంప్యూటరు ముందు కూర్చున్నాడో లేదో కరెంటు పోయింది. పక్క వీధిలో తీగలు మారుస్తున్నారట, ఆరింటికిగానీ రాదట. ఫోన్లో ఆ సైటు తెరుచుకోలేదు. "నా బండి ఎక్కండి" అన్నాడు రెడ్డెప్ప. ముందు సీటులో ఆయన, హేమ. వెనక కాయల బుట్టల మధ్య నేనూ మురళీ. మలుపు తిరిగినప్పుడల్లా తోతాపురి కాయలు మా ఒళ్ళోకి దొర్లేవి. మురళి ఒకటి తుడుచుకుని కొరికి, "బావా, ఇంగ నేను దిగులుగా ఉండాల్నా, మామూలుగా ఉండచ్చా?" అని అడిగాడు. ఆ స్థితిలోనూ నాకు నవ్వొచ్చింది.

ఇన్వర్టరు ఉన్న ఇంటర్నెట్ సెంటరు దొరికేసరికి నాలుగున్నర. లోపల నిండా జనం. రెడ్డెప్ప తలుపు దగ్గర నిలబడి, "కొంచెం దారి ఇయ్యండప్పా. ఈ బిడ్డ ఈ పొద్దు నా కొంప కాపాడింది" అని నాలుగు కాయలు పంచి దారి చేశాడు. ఎవరూ కాదనలేదు.

సెంటరు నడిపే ఆయన అడుగుతుంటే హేమ చెబుతోంది. మొదటి కాలేజీ, గంగమ్మ ఉన్నది. కోర్సు, బీకాం. నేను వెనక నిలబడ్డాను. మొబైల్ నంబరు దగ్గరికి వచ్చేసరికి ఆయన అలవాటుగా నా వైపు తిరిగాడు, "చెప్పు సార్" అని.

"నాది వెయ్యండన్నా" అంది హేమ.

"ఆడపిల్లలకి మామూలుగా నాయన నంబరే ఇస్తారమ్మా. అన్ని మెసేజీలూ దానికే వస్తాయి."

హేమ స్క్రీను మీంచి కళ్ళు తిప్పలేదు. "మా నాయనకి తారీఖులు గుర్తుండవన్నా" అంది.

ఆయన నవ్వాడు. వెనక నిలబడ్డ పిల్లలూ నవ్వారు. "మగోళ్ళంతా అంతేలేమ్మా" అన్నాడు రెడ్డెప్ప. తను ఆ పదిమందిలో నా తప్పును మతిమరుపు కింద మార్చి నన్ను కాపాడింది. నేనూ నవ్వాను. నగరికి వచ్చాక అడిగినవాళ్ళందరికీ ఆ మాటే చెప్పాను, మర్చిపోయినాను, కడా నిమిషంలో పరిగెత్తినాము అని. సీటు వచ్చిన మెసేజి తన ఫోనుకే వచ్చింది. వాళ్ళమ్మకు చెప్పి, మురళికి చెప్పి, ఆ తర్వాత మగ్గాల చప్పుడులోకి వచ్చి నాకు చెప్పింది.

నేను ఏ తారీఖూ మర్చిపోలేదు.